పదిహేడో వరుసలోని అప్పు

మొన్న మా బాబాయి ఫోన్ చేశాడు. "ఏరా, ఈ ఫండ్‌లో నెలనెలా వడ్డీ వేస్తారట. వెనకాల స్థలాలు, బిల్డింగులు తాకట్టు ఉన్నాయట. స్థలం ఎటు పోతుంది చెప్పు? పెట్టేయనా?" అన్నాడు. ఆయన రిటైరై రెండేళ్లయింది. చేతిలో ఉన్నది మళ్లీ సంపాదించగలిగే డబ్బు కాదు. "తొందరపడకు బాబాయ్, రెండు రోజులు ఆగు, వివరంగా రాసి పంపిస్తా" అన్నాను. రాయడం మొదలుపెట్టాక ఇది ఆయన ఒక్కడికే చెప్పాల్సిన సంగతి కాదనిపించింది.

స్థలం ఎటు పోతుందనుకునే నేనూ ఒకప్పుడు ఇలాంటి ఫండ్‌లో డబ్బు పెట్టాను. స్థలం నిజంగానే ఎటూ పోలేదు. నా డబ్బు మాత్రం 31 నెలలు నా చేతికి రాలేదు.

వీటిని స్థిరాస్తి అప్పుల ఫండ్లంటారు. ఈ ఫండ్ల పని చెప్పుకోవడానికి తేలికే. మనలాంటి వాళ్ల దగ్గర పోగుచేసిన డబ్బును ఫండ్ మేనేజర్ బిల్డర్లకో భవనాల యజమానులకో అప్పుగా ఇస్తాడు. గడువు మామూలుగా ఏడాది నుంచి మూడేళ్లు. ఆస్తిని తనఖా పెట్టించుకుంటాడు. వచ్చే వడ్డీలో తన ఫీజు తీసుకుని మిగతాది మనకు పంచుతాడు. షేర్ల మాదిరి ధర రోజూ ఎగిరిపడదు, యూనిట్ ధర, అంటే ఫండ్‌లో మన వాటా ధర, నెలల తరబడి ఒకే అంకె దగ్గర నిలబడి ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. ధర కదలడం లేదంటే ఆ అప్పులు గట్టివని కాదు, వాటిని రోజూ కొని అమ్మే సంత ఏదీ లేదని. థర్మామీటర్ పెట్టి చూడనంత మాత్రాన జ్వరం లేదని చెప్పలేం.

బ్యాంకులుండగా బిల్డర్ ఎక్కువ వడ్డీ కట్టి ఇక్కడికి ఎందుకొస్తాడు అని కూడా బాబాయి అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. బ్యాంకు కాదన్నవాళ్లు కొందరు వస్తారు, అది దాచాల్సిన పని లేదు. అయితే వచ్చేవాళ్లంతా అలాంటివాళ్లు కారు. 2008 సంక్షోభం తర్వాత బ్యాంకుల మీద నిబంధనలు బిగిశాయి. బ్యాంకుల కోసం అంతర్జాతీయంగా 2017లో ఖరారైన బాసెల్ 3 ప్రమాణాల్లో స్థలం కొనుగోలుకూ నిర్మాణానికీ ఇచ్చే అప్పుకు మామూలుగా 150 శాతం రిస్క్ వెయిట్ వేస్తారు. అంటే అలాంటి అప్పు ఇస్తే బ్యాంకు తన సొంత మూలధనం ఎక్కువగా పక్కన పెట్టుకోవాలి. అందుకే మంచి ప్రాజెక్టు చేతిలో ఉన్న బిల్డర్‌కు కూడా బ్యాంకు దగ్గర ఆలస్యం అవుతుంది, అడిగినంత పుట్టదు. ఆ ఖాళీలోకే ఈ ఫండ్లు వచ్చాయి. సగంలో ఉన్న బిల్డింగుకు సరైన సమయంలో డబ్బు అందితే అది పూర్తవుతుంది, అందులో ఇళ్లు కొనుక్కున్నవాళ్లు గృహప్రవేశం చేస్తారు. ఇది పనికొచ్చే పెట్టుబడే అని ఇప్పటికీ నమ్ముతున్నాను. నమ్మకపోతే బాబాయికి ఒక్క ముక్కలో వద్దని చెప్పి ఊరుకునేవాణ్ణి.

నా ఫండ్ ప్రతి నెలా ఒక నివేదిక పంపేది. చివరి పేజీలో అప్పుల పట్టిక, మొత్తం 23 వరుసలు. అప్పు తీసుకున్నవాళ్ల పేర్లుండవు. ఆస్తి రకం, బాకీ మొత్తం, ఆస్తి విలువలో అప్పు ఎంత శాతం, గడువు, ఇంతే. మొదటి ఏడాది నేను ఆ పేజీ తెరవనే లేదు. వడ్డీ ఠంచనుగా పడుతుంటే పట్టికలు ఎవరు చూస్తారు? ఒక ఆదివారం ఖాళీగా ఉండి, పాత నివేదికలు కూడా తీసి పక్కపక్కన పెట్టుకుని చూశాను. అప్పుడు కంట్లో పడింది పదిహేడో వరుస. నిర్మాణంలో ఉన్న అపార్ట్‌మెంట్ సముదాయం. ఫండ్ మొత్తంలో 18 శాతం ఆ ఒక్క అప్పే.

గడువు గడిలో మొదట మార్చి అని ఉంది. ఆర్నెల్ల తర్వాతి నివేదికలో అది సెప్టెంబర్ అయింది. ఆ తర్వాత మళ్లీ మార్చి, పై ఏడాది మార్చి. మార్చినట్టు ఎక్కడా ఒక్క వాక్యం లేదు, అంకె మారిందంతే. బాకీ మొత్తం నెలనెలా సుమారు ఒక శాతం చొప్పున పెరుగుతోంది. పక్క గడిలో ఆస్తి విలువలో అప్పు శాతం మాత్రం మొదటి నుంచీ 64. అప్పు పెరుగుతుంటే శాతం ఎలా కదలకుండా ఉంటుంది? ఫోన్ చేసి అడిగాను. అవతలి అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. "సార్, అది అప్పు ఇచ్చిన రోజు లెక్క. మళ్లీ వాల్యుయేషన్ చేయించలేదు."

ఆ జవాబు విన్నాక ఫోన్ పెట్టేసి కాసేపు అలాగే కూర్చున్నాను. కాగితం తీసుకుని లెక్క వేశాను. నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ అసలుకు కలుస్తూ పోతే, 64 కాస్తా ఏడాదిన్నర తిరిగేసరికి 76 దాటుతుంది. ఆస్తి విలువ ఒక్క పైసా తగ్గకపోయినా సరే. పట్టికలో మనకు ఊరటగా కనిపించే 36 శాతం వెసులుబాటులో మూడో వంతు వడ్డీయే తినేసింది.

బిల్డర్ వడ్డీ ఎగ్గొట్టాడని కాదు. ఒప్పందమే అలాంటిది. అపార్ట్‌మెంట్లు అమ్ముడుపోయేదాకా అతనికి ఆదాయం ఉండదు, కాబట్టి వడ్డీ కట్టకుండా అసలుకు కలుపుతూ పోతారు, చివర్లో అంతా ఒకేసారి తీరుస్తాడు. నిర్మాణ అప్పుల్లో ఇది మామూలు విషయం. అయితే ఒక సంగతి గమనించండి. అతను కట్టని వడ్డీ ఫండ్ లెక్కల్లో ఆదాయంగా చేరుతుంది. నాకు మాత్రం ప్రతి నెలా నిజమైన డబ్బు ఖాతాలో పడుతోంది. మరి ఆ డబ్బు ఎక్కడిది? తీరిపోయిన వేరే అప్పుల నుంచి రావాలి, లేదా కొత్తగా చేరినవాళ్లు పెట్టిన డబ్బు నుంచి రావాలి. ఇందులో మోసమేమీ లేకపోవచ్చు. కానీ కొత్తవాళ్లు రావడం ఆగిన నెల నుంచి ఆ కుళాయి సన్నబడుతుంది.

ఇక ఆ 64 శాతం దేని మీద లెక్క? దీన్నే అందరికంటే ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆస్తి విలువ రెండు రకాలుగా కడతారు. ఈ రోజు ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే ఎంత వస్తుంది అన్నది ఒకటి, కట్టడం పూర్తయిందనుకుంటే ఎంత వస్తుంది అన్నది ఇంకొకటి. నా ఫండ్ పట్టికలో ఉన్నది రెండోది. పూర్తయితే 100 అనుకుందాం. సగం శ్లాబులు పడ్డ దశలో పని ఆగిపోతే దాని విలువ 50 ఉంటుందని మనకు అనిపిస్తుంది. ఉండదు. కొనేవాడు భయపడతాడు. పాత కాంట్రాక్టర్ బాకీలు ఎన్నున్నాయో, అనుమతుల గడువు ఎప్పటిదాకా ఉందో, వానకు తడిసిన ఇనుము ఎంత తుప్పు పట్టిందో అతనికి తెలియదు. ఆ భయాలన్నిటికీ కలిపి ధర తగ్గించి అడుగుతాడు. సగం ఇల్లంటే ఇల్లు కాదు, ఖాళీ స్థలమూ కాదు. ఒక్కోసారి కొనేవాళ్లకు దానికంటే ఖాళీ స్థలమే నచ్చుతుంది.

"వెనకాల తాకట్టు ఉంది" అన్నప్పుడు వసూలు వరుసలో మనం ఎన్నో వాళ్లమో కూడా చూడాలి. మొదటి తనఖా బ్యాంకుది, రెండోది మన ఫండ్‌ది అనుకోండి. 100 విలువైన ఆస్తి మీద బ్యాంకు 60 ఇచ్చింది, ఫండ్ 20 ఇచ్చింది. మొత్తం 80 శాతమే కదా, ఇంకా 20 మిగులుందని బ్రోచర్లో రాస్తారు. ఆస్తి 70కి అమ్ముడైతే బ్యాంకు తన 60 పూర్తిగా తీసుకుంటుంది, మనకు మిగిలేది 10. ఆస్తి ధర 30 శాతం పడితే మన అసలు సగం పోయింది. 40 శాతం పడితే మొత్తం పోయింది. ఎక్కువ వడ్డీ ఇస్తామన్నప్పుడు నేను ముందు అడిగేది ఇదే, మనం వరుసలో ఎక్కడ నిలబడ్డాం అని.

మొదటి తనఖా ఉన్నా ఇంకో చిక్కుంది. ఫండ్ తానే బ్యాంకు దగ్గర అప్పు చేసి ఉండొచ్చు. ఆస్ట్రేలియాలో గోల్డ్ కోస్ట్ కేంద్రంగా నడిచిన సిటీ పసిఫిక్ ఫస్ట్ మార్ట్‌గేజ్ ఫండ్ పేరులోనే మొదటి తనఖా అని ఉంది. 2008 మార్చిలో అది ఉపసంహరణలు ఆపేసింది. ఆ ఫండ్‌కు బ్యాంకు అప్పు ఉంది, కాబట్టి వసూలైన డబ్బులో ముందు వంతు బ్యాంకుది, మదుపుదారులు ఆ వెనక. 2009లో వాళ్లు ఓటేసి మేనేజర్‌నే మార్చుకోవాల్సి వచ్చింది.

నా ఫండ్ నుంచి ఉత్తరం వచ్చింది ఒక బుధవారం సాయంత్రం. "మదుపుదారులందరి ప్రయోజనం దృష్ట్యా ఉపసంహరణలను తాత్కాలికంగా నిలిపివేస్తున్నాం." తాత్కాలికంగా అన్న మాట దగ్గర కళ్లు ఆగిపోయాయి. నేను చేరినప్పుడు వాళ్లు చెప్పింది 30 రోజుల నోటీసు ఇస్తే డబ్బు ఇస్తామని. ఆ మాట నమ్మి మా అమ్మాయి కాలేజీ ఫీజు డబ్బు అందులో ఉంచాను. ఫీజు కట్టాల్సిన నెలలో నా డబ్బు ఎవరిదో సగం కట్టిన బిల్డింగులో ఇరుక్కుంది. ఆ నెల పడ్డ టెన్షన్ మాటల్లో చెప్పలేను. ఫండ్ నాకిచ్చే వడ్డీకి రెట్టింపు వడ్డీకి బయట అప్పు తెచ్చి ఫీజు కట్టాను.

చివరికి నాకు నూటికి 91 తిరిగొచ్చాయి, ఏడు వాయిదాల్లో. పదిహేడో వరుసను ఆగిన చోటే అమ్మేశారు, రావాల్సిన ప్రతి 100కి దాదాపు 70 వచ్చాయి. ఒకే అప్పు 18 శాతం కాబట్టి ఆ ఒక్కటే ఫండ్‌లో ఐదు శాతానికి పైగా తీసుకుపోయింది. మిగతా నష్టం ఇంకో రెండు అప్పుల వల్ల. అంతకుముందు తీసుకున్న వడ్డీతో కలిపి చూస్తే నేనేమీ మునిగిపోలేదు. నన్ను దెబ్బతీసింది పోయిన తొమ్మిది కాదు, రావాల్సిన రోజున రాకపోవడం.

ఇక్కడే బాబాయి నాతో ఒప్పుకోకపోవచ్చు, చదివేవాళ్లలో చాలామందీ ఒప్పుకోకపోవచ్చు. అయినా ఇది గట్టిగా చెప్పదలుచుకున్నాను. ఎప్పుడడిగితే అప్పుడు డబ్బిస్తామనే స్థిరాస్తి అప్పుల ఫండ్ కంటే, గడువు తీరేదాకా ఇవ్వం అని మొదటి రోజే చెప్పే ఫండే నాకు నమ్మకం. రెండేళ్ల గడువుకు అప్పులిచ్చినవాడు నెల రోజుల్లో డబ్బిస్తాననడం ఏ లెక్కన? తన మాట ఎలా నిలబెట్టుకుంటాడు? కొత్తవాళ్లు వస్తూ ఉన్నంతకాలం, పాతవాళ్లందరూ ఒకేసారి అడగనంతకాలం నిలబడుతుంది. అతని నిజాయితీతో దానికి సంబంధం లేదు.

2008 అక్టోబర్‌లో ఆస్ట్రేలియాలో జరిగింది చూడండి. ఆ నెల 12న ప్రభుత్వం బ్యాంకు డిపాజిట్లకు హామీ ప్రకటించింది. జనం భయం తగ్గించడానికే ప్రకటించింది. తనఖా అప్పుల ఫండ్లకు ఆ హామీ లేదు. ఫండ్లలో ఉన్న డబ్బు హామీ ఉన్న బ్యాంకుల వైపు పరుగెత్తింది. కొన్ని వారాల్లోనే ఒకదాని తర్వాత ఒకటి పెద్ద పెద్ద ఫండ్లు తలుపులు మూసేశాయి. వాటిలో చాలా ఫండ్ల అప్పులు చెడిపోయినవి కావు, వడ్డీలు వస్తున్నవే. ఒకే వారంలో అందరూ అడిగారు, అంతే. రెండేళ్ల గడువున్న అప్పును ఒక్క వారంలో ఎవరు తీర్చగలరు? 2016 జూలైలో బ్రెగ్జిట్ ఓటు తర్వాత బ్రిటన్‌లో భవనాలు కొని పెట్టుకున్న ఫండ్లు వరసగా ఆగిపోయిందీ ఈ కారణానికే. అమెరికాలో 1970ల మొదట్లో నిర్మాణ అప్పులిచ్చే ట్రస్టులు ఇంకో రూపంలో ఇదే తప్పు చేశాయి. తక్కువ గడువుకు తెచ్చిన డబ్బును కట్టడం పూర్తవడానికి ఏళ్లు పట్టే ప్రాజెక్టులకు ఇచ్చాయి. 1973, 74లలో వడ్డీలు పెరిగి నిర్మాణ ఖర్చులు మీద పడేసరికి కూలబడ్డాయి. చేజ్ మన్‌హాటన్ బ్యాంకు పేరు పెట్టుకున్న ట్రస్టే 1979లో దివాలా తీసింది. ఎంత పెద్ద బ్యాంకు పేరు వెనక ఉన్నా గడువుల తేడా పూడదు.

తలుపు మూసినందుకు అప్పట్లో నేను మేనేజర్‌ను తిట్టుకున్నాను. ఇప్పుడు తిట్టను. ఒక చిన్న లెక్క చాలు. యూనిట్ ధర 1 రూపాయి చొప్పున 100 యూనిట్లున్నాయి. లోపలి అప్పుల నిజమైన విలువ 90కి పడిపోయింది, కానీ ధర ఇంకా 1 దగ్గరే ఉంది. సమాచారం ముందే తెలిసిన 40 మంది తలా ఒక యూనిట్ ఇచ్చేసి 40 పట్టుకుపోయారు. మిగిలిన 60 మందికి ఉన్నది 50. తలా 83 పైసలు. ముందు వెళ్లినవాళ్ల నష్టం కూడా ఉండిపోయినవాళ్ల నెత్తిన పడింది. ఉండిపోయేది ఎవరు? నివేదికలు చదవనివాళ్లు, మా బాబాయి లాంటివాళ్లు. తలుపు మూయడం వాళ్లను కాపాడింది. అసలు తప్పు తలుపు మూయడంలో లేదు, ఎప్పుడూ తెరిచే ఉంటుందని చెప్పి చేర్చుకోవడంలో ఉంది.

గడువుకు ముందు ఇవ్వకపోతే అత్యవసరమైతే ఏం చేయాలి అంటారు. అత్యవసరానికి పనికొచ్చే డబ్బు ఇందులో పెట్టనే కూడదు. తెరిచి ఉంటానన్న ఫండ్ కూడా సరిగ్గా అందరికీ అత్యవసరమైన రోజునే మూస్తుంది. కాబట్టి ఆ భరోసా ఉన్నట్టే అనిపిస్తుంది, ఉండదు. నేనైతే దానికి పూర్తిగా మోసపోయాను.

గడువు ఫండ్ మీద ఉన్న ఇంకో అభ్యంతరం మాత్రం బలమైనది. డబ్బు అడిగేవాళ్లు లేకపోతే మేనేజర్‌కు భయం ఉండదు. చెడ్డ అప్పును చివరిదాకా దాచొచ్చు, గడువు పొడిగించిన ప్రతిసారీ బిల్డర్ దగ్గర పొడిగింపు ఫీజు కూడా తీసుకోవచ్చు. ఇది నిజం, నా దగ్గర పూర్తి జవాబు లేదు. అందుకే అప్పువారీగా వివరాలు ఇవ్వని ఫండ్ వైపు వెళ్లను. కొత్త అప్పు ఇచ్చినప్పుడు బిల్డర్ కట్టే ఫీజు ఫండ్‌కు వస్తుందా, మేనేజర్ జేబులోకి వెళ్తుందా అన్నది కూడా చూస్తాను. మేనేజర్‌కే వెళ్తే, అప్పు ఇవ్వడంలోనే అతని లాభం ఉంది, వసూలు చేయడంలో లేదు. అన్నిటికంటే ఎక్కువగా చూసేది అతని సొంత డబ్బు ఎంత పెట్టాడు, నష్టమొస్తే ఆ డబ్బు మనకంటే ముందు పోతుందా అని.

ఏం చూడాలో నాకు నేర్పింది ఎవరో సలహాదారు కాదు, ఆస్ట్రేలియా నియంత్రణ సంస్థ ఆసిక్ 2008లో తనఖా ఫండ్ల కోసం విడుదల చేసిన మార్గదర్శకాలు. అవి ఫండ్ నడిపేవాళ్లకు రాసినవే, కానీ మనలాంటి చిన్న మదుపుదారులకు సరైన వివరాలు అందాలని రాసినవి. ఏ ఒక్క అప్పు తీసుకున్నవాడికీ ఫండ్‌లో 5 శాతం మించి ఇవ్వకూడదు. నిర్మాణ అప్పు, పూర్తయితే ఉండే విలువలో 70 శాతం దాటకూడదు. మిగతా అప్పులకు ఆ హద్దు 80 శాతం. రాబోయే 12 నెలల్లో డబ్బు ఎంత వస్తుందో ఎంత పోతుందో అంచనా వేసి పెట్టుకోవాలి. మదుపుదారులకు పంచే డబ్బు కోసం ఫండ్ అప్పు చేయకూడదు. వీటిని పాటించి తీరాలని చట్టం కాదు. పాటించకపోతే ఎందుకు పాటించడం లేదో ఫండ్ వివరణ ఇవ్వాలి. మనం ఏ దేశంలో ఉన్నా ఈ ప్రశ్నలు అడగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నా పదిహేడో వరుస 18 శాతం. ఆ 5 శాతం హద్దు నాకు అప్పుడే తెలిసి ఉంటే ఆ ఒక్క అంకె చూసే వెనక్కి వచ్చేవాణ్ణి.

ఇప్పుడు కూడా నా దగ్గర ఇలాంటి ఫండ్ ఒకటి ఉంది. నాలుగేళ్ల గడువు, మధ్యలో ఇవ్వరు. 40కి పైగా అప్పులు, అన్నీ మొదటి తనఖావే. ఫండ్ మీద బ్యాంకు అప్పు లేదు. ఆర్నెల్లకోసారి కొత్తగా విలువ కట్టించి, ఉన్నది ఉన్నట్టుగా ఎంతో, పూర్తయితే ఎంతో రెండూ పక్కపక్కన వేస్తారు. వడ్డీ పాత ఫండ్ కంటే ఒకటిన్నర శాతం తక్కువ. నా దగ్గరున్నదంతా కలిపి లెక్కిస్తే పదో వంతు కూడా అందులో లేదు.

బాబాయికి ఇదంతా ఫోన్లో చదివి వినిపించాను. మధ్యలో ఒకసారి ఆపి, "అయితే ఆ పట్టిక నాకెందుకు ఇవ్వలేదురా వాళ్లు?" అన్నాడు. ఆయనకు ఇచ్చింది రంగుల బ్రోచర్ ఒక్కటే. ఐదు ప్రశ్నలు ఆయన చేతిరాతతోనే రాయించాను. అప్పుల పట్టిక, అన్నిటికంటే పెద్ద అప్పు ఎంత శాతం, విలువ ఎప్పుడు ఎలా కట్టారు, గడువు పొడిగించిన అప్పులు ఎన్ని, నెలనెలా పంచే డబ్బులో చేతికొచ్చిన వడ్డీ ఎంత. ఫొటో తీసి వాళ్లకు పంపాడు. పన్నెండు రోజులైంది. రెండుసార్లు ఫోన్ చేసి "ఎప్పుడు చేరుతున్నారు సార్" అని అడిగారట గానీ, కాగితానికి జవాబు రాలేదు. చెక్కు మాత్రం ఆయన ఇంకా రాయలేదు.